ఇటుక గోడకు ఈడైన రంగు



చీర కొన్నాక దానికి ఈడైన జాకెట్టు గుడ్డ కోసం పత్తర్‌గట్టీలో మనం ఎన్ని దుకాణాలు ఎక్కి దిగుతామో మీకు తెలుసు. గుడ్డను ట్యూబులైటు కింద నమ్మం. గుమ్మం దాకా తెచ్చి, ఎండలో చీర అంచు పక్కన పెట్టి చూసి, అప్పుడు గాని ‘‘సరే, కత్తిరించు’’ అనం. అదే ఇంటి ముందు గోడకు రంగు వేయించాల్సి వస్తే మాత్రం దుకాణంవాడిచ్చిన కార్డులో ఓ గడి మీద వేలు పెట్టేసి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్లిపోతాం. నచ్చని చీర బీరువాలో అడుక్కి పోతుంది. నచ్చని గోడ అయిదారేళ్లు వీధిలోనే నిలబడి వుంటుంది.

షాలిబండ, మొగల్‌పురా, గౌలిపురా వైపు పాత ఇళ్లు బాగుచేయించుకుంటున్న వాళ్లు ఈమధ్య తరచు అడుగుతున్న మాట ఒకటుంది. ‘‘ముందు భాగంలో కాస్త ఇటుక కనిపించేలా వదిలేశాం. పక్క గోడకు ఏ రంగు వేస్తే బాగుంటుంది?’’ అని. దీనికి జవాబు రంగుల కార్డులో దొరకదు. నాలుగు వందల ఏళ్లు వెనక్కి పోవాలి.

ముందుగా ఒక సంగతి. మన ప్రాంతంలో ఇటుక బయటికి కనిపించడమన్నదే చాలాకాలం లేదు. పాలంపేట రామప్ప గుడి సంగతి తీసుకోండి. 1213 నాటిది, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది. దాని శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో వేస్తే తేలుతుందని బడిపిల్లలు కూడా చెబుతారు. అంత గొప్ప ఇటుకను కూడా కాకతీయుల పనివాళ్లు పైకి చూపించలేదు, సున్నపు పూతతో కప్పారు. 1591లో చార్మినారు కట్టినప్పుడు రాతి మీద కూడా గచ్చు పూసి, ఆ గచ్చులోనే పువ్వులూ లతలూ తీర్చారు. ఇక మామూలు ఇళ్ల మాట చెప్పాలా? దేవిడీలలో గోడలు ఇటుకవి, రాతివి, మట్టివి కలగాపులగంగా వుండేవి. పైన గచ్చు వేసి వెల్ల కొడితే అన్నీ ఒక్కటే. పెళ్లికి వచ్చిన చుట్టాలందరికీ ఒకే రకం చీరలు పెట్టినట్టన్నమాట.

ఇది సోకు కోసం చేసింది కాదు. పాతకాలపు ఇటుక కట్టెల మంట మీద కాలింది. బట్టీలో మంటకు దగ్గరగా వున్నది గట్టిపడుతుంది, దూరంగా వున్నది సగం కాలి మెత్తగా వుండిపోతుంది. అలాంటి ఇటుక వాన నీటిని స్పంజిలా పీల్చుకుంటుంది. దానికి సున్నపు పూత గొడుగులాంటిది. గొడుగే కాదు, లోపలి తడిని మెల్లగా బయటికి పోనిచ్చే నూలుచీర లాంటిది కూడా. గట్టి రాయికి ఆ అవసరం లేదు. అందుకే 1617లో మొదలుపెట్టి 1694లో పూర్తయిన మక్కా మసీదులో గోడలూ కమానులూ నల్లరాతి అందంతోనే నిలబడ్డాయి.

ఆ సున్నం తయారీ మన వంటింటి పనికి దగ్గర చుట్టం. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి విరియబెడతారు. అది సలసల కాగుతుంది, నిప్పు లేకుండానే. రోజుల తరబడి నానబెట్టి, ఇసుక కలిపి, ఎద్దులు కట్టిన గానుగలో మెత్తగా నూరితే డంగు సున్నం వస్తుంది. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం, ఒక్కోచోట మినపపిండి, నున్నని పూతకైతే గుడ్డు తెల్లసొన కూడా కలిపేవారు. గోడకెక్కాక అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయి అయిపోతుంది. రాయిని పిండి చేసి, గోడకు రాసి, తిరిగి రాయిని చేయడం! దీన్ని కనిపెట్టిన వాళ్లకు తప్పకుండా పిండివంటలు బాగా వచ్చి వుంటాయని నా అనుమానం.

మూసీకి అవతల కోఠీలోని రెసిడెన్సీ భవనం మీలో చాలామందికి ఆడపిల్లల కాలేజీగానే తెలుసు. 1803 ప్రాంతంలో కర్క్‌పాట్రిక్ దొర దాన్ని కట్టించడం మొదలుపెట్టాడు. చూడటానికి ఐరోపా పాలరాతి మేడలా వుంటుంది గాని, లోపల వున్నది మన ఇటుకే, పైన వున్నది మన సున్నమే. నున్నగా రుద్దిన ఆ పూతను చూసి ముచ్చటపడిన ఇంగ్లీషువాళ్లు ‘చునాం’ అనే మాటను తమ నిఘంటువులో కూడా చేర్చుకున్నారు. చార్మినారు దగ్గర 1900లో కట్టిన సర్దార్ మహల్‌దీ ఇలాంటి దొరల ఫ్యాషనే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తన బేగం సర్దార్ కోసం కట్టిస్తే, ఆవిడకు నచ్చక అందులో కాపురమే పెట్టలేదట. పేరు మాత్రం ఆమెదే నిలిచింది. కట్టే ముందు ఇంటావిడను ఓ మాట అడిగి వుంటే బాగుండేది కదూ!

సరే, రంగుల సంగతికి వద్దాం.

సున్నంలో ఏ రంగు పడితే ఆ రంగు నిలవదు. ఎందుకో మీకు వేరే చెప్పక్కర్లేదు, ఎర్రనీళ్ల హారతి కలిపిన చెయ్యి మనది. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం పడితే చాలు, ఎర్రగా మారిపోతుంది. కాబట్టి గోడకు పసుపు రంగు రావాలని పసుపే కలిపితే లాభం లేదు. ఆకు రసాలు, పూల రంగులు చాలావరకు సున్నపు ఘాటుకు మారిపోతాయి, లేదా ఎండకు వెలిసిపోతాయి. నిలిచేవి మన్ను రంగులు. పచ్చమన్ను, జాజు, కావి. వీటి రంగుకు మూలం ఇనుము. పచ్చమన్నును కాలిస్తే ఎర్రబడుతుంది. అచ్చం ఇటుక లాగే! ఇటుక మట్టి బట్టీలోకి పోయేటప్పుడు గోధుమ రంగులో వుంటుంది, ఎర్రగా బయటికొస్తుంది. ఆ ఎరుపూ ఇనుముదే.

ఇక్కడే వుంది అసలు కిటుకు. ఇటుక, జాజు, పచ్చమన్ను ఒక తల్లి పిల్లలు. పక్కపక్కన నిలబెడితే పోట్లాడుకోవు. తెలంగాణా పల్లెల్లో మన అమ్మమ్మలు గోడ అడుగున మూరెడు ఎత్తు జాజు పట్టీ వేసి, పైన తెల్ల సున్నం కొట్టి, జాజు మీద ముగ్గుగీతలు తీర్చేవారు. పట్నం వచ్చినా ఆ అలవాటు మానలేదు. లాల్‌దర్వాజాలో బోనాలకు, అందరిళ్లలో దసరాకు, పక్కింటి ముస్లిములకు రంజానుకు, ఏడాదికోసారి సున్నపు కుంచె వీధంతా తిరిగేది. జాజు పట్టీ వుత్త అందమే కాదు. వాన చినుకులు నేల మీద పడి చిందే బురద గోడకు సరిగ్గా అంత ఎత్తుకే అంటుతుంది. ఎర్రమన్ను రంగులో అది కనిపించదు.

నీలం కథ వేరు. ఇనుముతో సంబంధం లేని ఈ రంగు పూర్వం చాలా ఖరీదు. 1590ల నాటి బాద్‌షాహీ అషుర్‌ఖానాలో గోడలకు పొదిగిన పింగాణీ పెంకుల్లో ఆ నీలం ఇప్పటికీ మెరుస్తోంది, పక్కన పసుపుతో సహా. అది రాచరికపు నీలం. 1828లో ఫ్రాన్సులో గిమే అనే ఆయన కృత్రిమంగా నీలిపొడి చేయడం కనిపెట్టాక, అది మెల్లమెల్లగా చాకిరేవుకు దిగింది. ధోవతులకు పెట్టే నీలిమందును మేస్త్రీలు సున్నంలోనూ వేశారు. చిటికెడు వేస్తే తెలుపు మరింత తెల్లగా కనిపిస్తుంది, గుప్పెడు వేస్తే ఆస్మానీ రంగు వస్తుంది. పాతబస్తీ సందుల్లో లేత నీలం గోడలు అలా వచ్చినవే.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. వేలమంది పోయారు, వేల ఇళ్లు కూలాయి. అషుర్‌ఖానా పెంకులు కూడా కింది భాగంలో అప్పుడే దెబ్బతిన్నాయి. ఆ తర్వాత 1912లో నగరాభివృద్ధి మండలి పెట్టి వూరిని తిరిగి తీర్చిదిద్దారు. పత్తర్‌గట్టీ రాతి కమానుల బారు ఆ కాలపుదే. ఏటి ఒడ్డున హైకోర్టు 1920లో తెరిచారు. దాని నక్షా జైపూరు శంకర్‌లాల్‌ది, కట్టడం బాధ్యతలో విన్సెంట్ ఎష్ దొర వున్నాడు. జైపూరు అంటే గులాబీ నగరం. 1876లో వేల్స్ యువరాజు రాకకు ఆ వూరికి గులాబీ రంగు పూయించారని చెబుతారు. మన హైకోర్టుకు మాత్రం పూయనక్కర్లేదు. ఎర్ర ఇసుకరాయి, గులాబీ ఛాయ వున్న మన గ్రానైటు, ఆ రెంటి రంగే దానికి రంగు. ఎదుటి గట్టున ఉస్మానియా ఆసుపత్రి తెల్లని గుమ్మటాలు. నయాపూల్ మీద నిలబడి సాయంత్రపు ఎండలో ఈ రెంటినీ ఒకేసారి చూడండి. ఎరుపు పక్కన సున్నపు తెలుపు ఎంత నిండుగా వుంటుందో మాటల్లో చెప్పడం కష్టం.

తర్వాత సిమెంటు వచ్చింది. స్నోసెం డబ్బా వచ్చింది. ఏటేటా వెల్ల వేసే బాధ తప్పిందని అందరం సంతోషించాం, అందులో తప్పేమీ లేదు. పిస్తా, గులాబీ, బాదం రంగులతో వీధులు కొన్నాళ్లు కళకళలాడాయి. ఆ వెనకే ప్లాస్టిక్ రంగులు వచ్చాయి, కడిగితే పోనివి. కొత్త సిమెంటు ఇంటికి అవి బాగానే నప్పుతాయి. చిక్కంతా డంగు సున్నంతో కట్టిన పాత ఇంటితోనే. నేలలోని తడి ఆ గోడల్లోకి ఎక్కుతూనే వుంటుంది. సున్నపు పూతైతే దాన్ని బయటికి వదిలేస్తుంది. సిమెంటు పూతా, దాని మీద ప్లాస్టిక్ రంగూ దారి మూసేస్తాయి. తడితో పాటు వచ్చిన ఉప్పు ఇటుకలోనే పేరుకుని, పెచ్చులుగా బద్దలు చేసుకుని బయటపడుతుంది. కులీ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలుపెట్టిన మరమ్మతుల్లో మొట్టమొదట చేసిన పనుల్లో ఒకటి ఏమిటనుకున్నారు? ఇరవయ్యో శతాబ్దంలో ఎవరో పూసిన సిమెంటును గీకి తీసేసి, మళ్లీ సున్నం పూయడం.

ఇంకో రకం ముప్పు ఫ్యాషన్ వల్ల వస్తోంది. మాకు తెలిసిన ఒక కుటుంబం హరిబౌలి వైపు తాతల నాటి ఇంటి ముందు గోడకు గచ్చంతా కొట్టించేసింది, పత్రికలో బొమ్మ చూసి, లోపలి ఇటుక కనిపించాలని. మొదటి చలికాలం వీధి వీధంతా మెచ్చుకుంది. రెండో వానాకాలానికి గడప ముందు రోజూ ఎర్రపొడి వూడవాల్సి వచ్చింది. వూడ్చింది ఆ ఇంటి కోడలే, బొమ్మ చూపించినది ఆమె కాదు. గోడలో వేలు పెడితే ఇటుక రాలుతోంది. చివరకు మళ్లీ డంగు సున్నం తెలిసిన ముసలి మేస్త్రీని వెతికి పూత వేయించారు. అలాంటి మేస్త్రీలు ఇప్పుడు ఎంతమంది దొరుకుతారు చెప్పండి!

కాబట్టి రంగు ఎంచే ముందు గోడ ఏదో తెలుసుకోండి. దోసెడు నీళ్లు చిలకరించండి. చుక్క ఇంకిపోతే గోడ ఊపిరి పీలుస్తున్నట్టు. జారిపోతే పైన నూనె రంగో ప్లాస్టిక్ రంగో వున్నట్టు. దాని మీద సున్నం అంటుకోదు, ముందు గీకించాలి. పాత మెత్తని ఇటుకైతే కప్పేయండి, మొహమాటం వద్దు. కప్పినా ఇటుక రంగే కావాలంటే సున్నంలో జాజు కలిపి వేయించవచ్చు. ఇంగ్లండులోనూ పద్దెనిమిదో శతాబ్దంలో నాసిరకం ఇటుక గోడలకు ఎర్ర రంగు పూసి, సందుల్లో సన్నని తెల్ల గీతలు తీర్చి మేలురకం గోడల్లా చూపించేవారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కొత్తగా కట్టిన గట్టి ఇటుక బయటికి కనిపిస్తోంటే దాని మీద ఏమీ పూయకండి. పక్క గోడకు పచ్చమన్ను కొంచెం కలిసిన సున్నపు రంగు, అంటే మీగడ రంగు, నా మటుకు నాకు అన్నిటికంటే బాగుంటుంది. ఇటుక మరీ ముదురుగా, నల్లచారలతో వుంటే గ్రానైటు బూడిద రంగు నప్పుతుంది. పిస్తా లేతగా వుంటే అందమే, ఎరుపు పక్కన ఆకుపచ్చ ఎప్పుడూ కంటికి చల్లన. చిలకపచ్చ మాత్రం వద్దు; ఇటుకా అదీ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. గులాబీ రంగు విషయంలో జాగ్రత్త. ఇటుకకు అది దగ్గర చుట్టమే గాని, పక్కన నిలబడితే ఒకటి మాసిపోయినట్టుంటుంది. ఆస్మానీని తలుపులకూ కిటికీలకూ వుంచుకోండి, గోడంతా పరచకండి.

కార్డు చూసి మాత్రం తేల్చకండి. మన ఎండలో ఏ రంగైనా కార్డు మీదకంటే తేలిగ్గా, మెరుపుగా కనిపిస్తుంది. అందుకని మీకు నచ్చినదానికన్నా ఒక మెట్టు మందంగా వున్నది ఎంచండి. ఇటుకను ఆనుకునే గోడ మీద, చాటంత చాటంత మేర, మూడు రంగులు పూయించండి. సున్నమైతే తడిగా వున్నప్పుడు ముదురుగా కనిపించి ఆరాక తెల్లబడుతుంది, కాబట్టి రెండు రోజులు ఆగండి. పొద్దున ముగ్గు వేసేటప్పుడు ఓసారి, మిట్టమధ్యాహ్నం ఓసారి, సాయంత్రం దీపం పెట్టే వేళ ఓసారి చూడండి. మేస్త్రీ ‘‘ఏ రంగమ్మా?’’ అని తొందరపెడితే, ఇంకా గుమ్మం దాకా తెచ్చి చూడలేదని చెప్పండి.