ఎక్కిన గేరులోనే దిగాల

పొద్దున ఆరున్నర. ఎర్రమంచి దగ్గర, 44వ నంబరు హైవే పక్కన టీ కొట్టు ముందు నిలబడి ఉన్నారు మీరు. ఆగస్టు గాలి చల్లగానే ఉంది గానీ దుమ్ము అప్పుడే లేచింది. రోడ్డుకు అవతల చెనిక్కాయ చేను వాన కోసం చూస్తోంది. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే వాన ఇక్కడిది, అదీ వేళకు రాదు. ఆ చేల వెనకాల కియా ఫ్యాక్టరీ పొడుగాటి షెడ్లు. 2017లో ఒప్పందం కుదిరింది, 2019 ఆగస్టులో ఇక్కడి సెల్టోస్ బజారులోకి వచ్చింది. ఏడాదికి మూడు లక్షల బండ్లు చేయగల ఫ్యాక్టరీ, గుక్కెడు నీళ్లకు వెతుక్కునే నేల మీద.

కొట్టులో ఉగ్గాని పొగలు కక్కుతోంది. మిరపకాయ బజ్జీలు నూనెలో తేలుతున్నాయి. ముందు మూడు కార్లు ఆగి ఉన్నాయి, మూడింటి బానెట్లూ ఎత్తే ఉన్నాయి. చూడండి, దగ్గరికి రండి.

మొదటిది హైదరాబాదు నుంచి వచ్చిన పాత ఆక్టేవియా ఆర్ఎస్. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్, 150 హార్స్‌పవర్, ఐదు గేర్లు, మూడు పెడళ్లు. ఇరవై ఏళ్ల కిందట మన దేశంలో కారు పిచ్చి ఉన్న కుర్రాళ్లు దీని బొమ్మ గోడకు అంటించుకున్నారు. గేరు రాడ్డు పైగుండు అరిగి నున్నబడి ఉంది. రెండోది బెంగళూరు అమ్మాయిది, సెల్టోస్ టర్బో: 160 హార్స్‌పవర్, ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్. పిల్లల్ని బడికి దింపే కారుకు ఇప్పుడు ఆ గోడ మీది బొమ్మ కంటే ఎక్కువ బలం ఉందన్నమాట. మూడోది పెనుకొండ కుర్రాడిది. ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను మీద పని, నడిపేది డీజిల్ సెల్టోస్, మాన్యువల్.

"గేరు మన చేతిలో లేకుంటే అది తోలినట్లా, కూచున్నట్లా?" అంటున్నాడు పెనుకొండ కుర్రాడు.

"నువ్వు క్లచ్ తొక్కి తీసేలోపు నా బండి రెండు గేర్లు మార్చేస్తుంది తమ్ముడూ," అంటుంది బెంగళూరు అమ్మాయి. అది నిజం. ఆ గేర్‌బాక్సులో ఒక క్లచ్ ఒకటి, మూడు, ఐదు, ఏడు గేర్లను చూసుకుంటుంది, ఇంకోటి రెండు, నాలుగు, ఆరింటిని. మీరు మూడులో పోతుంటే నాలుగు అప్పటికే సిద్ధమై కూర్చుంటుంది. ఒకటి వదలడం, ఇంకోటి పట్టుకోవడం, అంతే. మనిషి చెయ్యి ఆ వేగాన్ని అందుకోలేదు. రేసుల్లో ఈ సంగతి 1989లోనే తేలిపోయింది. స్టీరింగ్ వెనక మీటలతో గేరు మార్చే ఫెరారీ ఆ ఏడాది బ్రెజిల్‌లో బరిలోకి దిగిన మొదటి రేసే గెలిచింది, నడిపినవాడు నైజెల్ మాన్సెల్.

హైదరాబాదు ఆయన టీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. "మరి పోర్షే ఏం చేసింది? 2013లో 911 జీటీ3 నుంచి మాన్యువల్ తీసేసింది. కొనేవాళ్లు ఊరుకోలేదు. 2017లో మళ్లీ తెచ్చి ఇచ్చింది."

"అంత దూరం యాల పోతావన్నా," కుర్రాడు అందుకున్నాడు, షెడ్ల వైపు చెయ్యి చూపిస్తూ. "ఈడనే జరగల్యా? 2023లో డీజిల్ సెల్టోస్‌కు మూడో పెడల్ తీసేసి ఐఎంటీ ఇచ్చినారు. గేరు రాడ్డు ఉంటాది, క్లచ్ పెడల్ ఉండదు. 2024 జనవరిలో మామూలు మాన్యువల్ మళ్లీ వచ్చె."

ఈ ముగ్గురూ మాట్లాడుతున్నది సున్నా నుంచి వంద దాకా ఎన్ని సెకన్లు అనే లెక్కలోనే అయితే వాదం ఇక్కడే ముగియాలి, ఆటోమేటిక్ గెలిచింది. నా దృష్టిలో అసలు పరీక్ష అది కానే కాదు. అసలు పరీక్ష ఏదో చెప్పే మనిషి బెంచీ చివర ఉగ్గాని తింటున్నాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, అరవై దాటిన వయసు. బళ్లారికీ బెంగళూరుకూ చెనిక్కాయ లోడు తోలిన లారీ డ్రైవరు.

"ఎక్కేది ఎవురైనా ఎక్కుతారు నాయనా. దిగేటప్పుడు సూపీండి," అన్నాడాయన చెయ్యి కడుక్కుంటూ.

ముప్పావు గంట తర్వాత మీరు బెంగళూరు అమ్మాయి కారు వెనక సీట్లో ఉన్నారు. పెనుకొండ నుంచి మడకశిరకు పోయే ఘాట్ ఎక్కి, పైన బండి తిప్పుకొని దిగబోతున్నారు. పెద్దాయన ముందు సీట్లో. కిటికీ దించితే ఎండిన బోదగడ్డి వాసన, కాలిన బ్రేకుల వాసన. పక్కన గుండ్రాళ్లు, వాటి కింద లోయ. 2015 జనవరిలో ఆర్టీసీ బస్సొకటి ఈ దారిలోనే లోయలో పడింది. పోయినవాళ్లలో ఎక్కువమంది చదువుకునే పిల్లలు. ఈ ఊళ్లవాళ్లు ఇక్కడ వేగం గురించి గొప్పలు చెప్పుకోరు.

"పాపా, మా కాలంలో బెంజి లారీకి గేరు దించాలంటే డబుల్ క్లచ్ కొట్టాల. క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, వదిలి, ఒకతూరి రేసిచ్చి, మళ్లా తొక్కి గేరెయ్యాల. దిగుడులో తప్పిందనుకో, లోడంతా ఎనకనుంచి తోస్తాంటాది, గేరు పడదు. అందుకే కొండ నెత్తినే గేరు ఎంచుకోవాల. ఏ గేరులో ఎక్కినామో ఆ గేరులోనే దిగాల."

డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసి దిగినవాళ్లనూ చూశాడాయన. అప్పుడు ఇంజను బండిని పట్టదు, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది, అవి కాలి పట్టు వదిలేస్తాయి. క్లచ్ పెడల్ మనిషికి నేర్పిన పెద్ద విద్య వేగం కాదు, ఈ ముందుచూపు. వాలు రాకముందే వాలును లెక్కగట్టడం. మాన్యువల్ మీద నాకున్న ప్రేమకు కారణం ఇదొక్కటే, ఇది చిన్న కారణం కాదు.

కారు డ్రైవ్‌లోనే వాలు పట్టింది. మొదటి మలుపు దగ్గర ఆమె యాక్సిలరేటరు వదిలింది. గేర్‌బాక్సు పని లేదనుకుని పై గేరుకు పోయింది. మీ ఒళ్లు ముందుకు జారడం మీకే తెలుస్తోంది. బ్రేకు మీద కాలు పడింది, మళ్లీ పడింది.

"ఇప్పుడు బండికి తెలీదమ్మా కింద ఏముందో. నీకు తెల్సు," అన్నాడు పెద్దాయన, గొంతు పెంచకుండా.

ఆమె ఎడమ చేతి వేలితో స్టీరింగ్ వెనక మీట లాగింది. ఐదు, నాలుగు, మూడు. ఇంజను మూలిగి బండి నడుం పట్టుకుంది. ఇంకో లాగు, రెండు. బ్రేకు మీంచి కాలు తీసేసింది. మలుపు తర్వాత మలుపు, కారు నడిచినట్టు దిగుతోంది. పెద్దాయన తువ్వాలు సర్దుకుని వెనక్కి వాలాడు. రెండు పెడళ్ల బండిలోనూ ఆ విద్యకు చోటుంది, వాడేవాళ్లు ఉంటే. ఆ మీట ఎందుకుందో తెలియకుండానే చాలామంది ఆటోమేటిక్ నడిపేస్తున్నారు, నన్ను బాధపెట్టేది అదే. బెంగళూరు ట్రాఫిక్‌లో రోజూ గంటలకొద్దీ క్లచ్ తొక్కే మోకాలికి విశ్రాంతి ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. 2014లో మారుతి సెలేరియోతో చవక ఆటోమేటిక్ వచ్చాక కారు నేర్చుకోవడానికి ధైర్యం చేసినవాళ్లు కొల్లలు. కానీ డ్రైవింగ్ నేర్పేవాళ్లు వాళ్లకు వాలు సంగతి చెప్పాలి, ఆ మీట చూపించాలి.

కింద మిగతా రెండు కార్లూ వచ్చి ఆగాయి. కుర్రాడు పరుగున వచ్చాడు.

"మామా, ఇప్పుడు మా ఫ్యాక్టరీలో కరెంటు కారు కూడా చేస్తాండారు, కారెన్స్ క్లావిస్. దాంట్లో మారిచ్చే గేర్లే లేవు. 2025 జులైలో వచ్చె."

పెద్దాయన మొహం చిట్లించాడు. "గేర్లే లేకుంటే దిగుడులో బండిని పట్టేదేందిరా?"

"మోటరే పడతాది మామా. కాలు తీస్తే అదే కరెంటు పుట్టిస్తాది, బ్యాటరీకి పోతాది. ఎంత గట్టిగా పట్టాలో స్టీరింగ్ ఎనక మీటతో నువ్వే చెప్పొచ్చు."

"నేనే చెప్పొచ్చునా?" ఆయన కొండ వైపు ఒకసారి చూశాడు. "అట్లయితే ఒక బండి తెప్పియ్యి. నలుగురిని ఎక్కిచ్చుకుని లోడు మీద దిగి చూస్తా."