రంగూన్ భద్రమైన ఊరేనా?

కాకినాడకు దగ్గరలో, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట కోరంగి అనే ఊరు ఉంది. ఒకప్పుడు అది పేరున్న ఓడరేవు. 1839లో వచ్చిన తుఫానుకు ఆ రేవు దాదాపు తుడిచిపెట్టుకు పోయింది. దాని పేరు మాత్రం సముద్రం దాటి బర్మాలో నిలిచింది. అక్కడ తెలుగు కూలీలను "కోరంగీలు" అని పిలిచేవారు. విశాఖ వాడైనా, శ్రీకాకుళం వాడైనా, గోదావరి వాడైనా అందరూ కోరంగీలే. మనల్ని ఇక్కడ కొందరు "గొల్టి" అంటారు కదా, దాదాపు అట్లాంటిదే. మొదట అది ఊరి పేరు, పోను పోను ఎగతాళి పేరు అయింది.

ఈ కోరంగీల చరిత్ర మన పాఠ్యపుస్తకంలో లేదు. నేను దాన్ని ఎంచుకున్నది ఒక ప్రశ్న కోసం. పరదేశం పోయే మనిషికి ఆ దేశం భద్రమా కాదా అని ముందుగా ఎలా తెలుస్తుంది? మన పెద్దవాళ్ళు "అక్కడ అంతా సేఫేనా?" అని ఒక్క మాట అడుగుతారు. అవతలివాళ్ళు "సేఫే" అంటారు. అంతటితో అయిపోతుంది. రంగూన్ విషయంలో కూడా అదే జరిగింది.

1920లలో ఏటా లక్షల మంది భారతీయులు ఓడ ఎక్కి బర్మాకు పోయేవారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు నడిచేవి. బర్మా అప్పుడు పరదేశం కూడా కాదు, బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. పాస్‌పోర్టు అక్కరలేదు, వీసా అక్కరలేదు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో పది లక్షలకు పైన భారతీయులు ఉన్నారు. అందులో తెలుగువాళ్ళు లక్షన్నరకు పైగా. రంగూన్ నగరంలో అయితే సగం కంటే ఎక్కువ మంది భారతీయులే. రేవులో మూటలు మోసేవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, రిక్షా లాగేవాళ్ళు చాలామంది మన తెలుగువాళ్ళు.

ఇంతమంది ఉన్న ఊరు భద్రం కాకుండా ఎట్లా పోతుంది? అప్పటివాళ్ళు అట్లాగే అనుకుని ఉంటారు. పక్కింటి వాడు పోయినాడు, డబ్బు పంపినాడు, తిరిగి వచ్చి ఇల్లు కట్టినాడు. దాని కంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలి? కానీ ఆ సాక్ష్యంలో ఒక లోపం ఉంది. తిరిగి వచ్చినవాడే కథ చెప్తాడు. రానివాడి కథ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

కూలీలను తీసుకుపోయేది మేస్త్రి. ఓడ టికెట్టుకు, ఇంట్లో ఖర్చుకు అతనే అడ్వాన్సు ఇస్తాడు. ఆ అప్పు తీరేదాకా కూలీ మేస్త్రి కింద పని చెయ్యాల. కూలి డబ్బు కూడా మేస్త్రి చేతి మీదుగానే వస్తుంది. అంటే రంగూన్ ఎట్లా ఉందో కూలీకి చెప్పే మనిషి, అతను పోతే లాభం పొందే మనిషి, ఇద్దరూ ఒక్కరే. నా లెక్కలో ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే ప్రమాదకరమైన సంగతి ఇదే. తుపాకుల కంటే, బాంబుల కంటే కూడా.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేసినారు. సరుకు దించే కంపెనీలు వాళ్ళ బదులు బర్మా మనుషులను పనిలోకి తీసుకున్నాయి. ఆ పని అంతకుముందు బర్మావాళ్ళకు దొరికేదే కాదు. ఇంతలో సమ్మె పరిష్కారమయింది, తెలుగువాళ్ళు తిరిగి పనికి వచ్చినారు. మే 26న పొద్దున బర్మా కూలీలు పనికి వస్తే, ఇక మీరు అవసరం లేదన్నారు. రేవులోనే గొడవ మొదలైంది. రోజుల తరబడి ఊరంతా కొట్లాటలు. వందమందికి పైగా చనిపోయినారు. చనిపోయిన వాళ్ళలో ఎక్కువమంది భారతీయులు, వాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు.

ఇక్కడ బర్మావాళ్ళను విలన్లుగా చూపడం సులభం. నేను అట్లా రాయను. వాళ్ళ ఊరు, వాళ్ళ రేవు, పని మాత్రం వాళ్ళకు లేదు. కంపెనీ వాళ్ళు రెండు వారాలు వాడుకుని పొమ్మన్నారు. దానికి తోడు ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం వచ్చి వడ్ల ధర పడిపోయింది. అప్పు కట్టలేక బర్మా రైతుల భూములు తమిళ చెట్టియార్ల చేతికి పోయినాయి. కోపం కంపెనీ మీద, అప్పు మీద. దెబ్బలు పడింది మాత్రం చేతికి దొరికిన కూలీ మీద. ఒక దేశం భద్రమా అని అడిగేటప్పుడు ఇది కూడా చూడాల: అక్కడి మనుషులు మనల్ని ఎవరుగా చూస్తా ఉన్నారు? టూరిస్టుగానా, పని లాక్కున్నవాడిగానా? ఊరు ఒకటే, ఇద్దరికీ రెండు రకాలుగా ఉంటుంది.

1930 తర్వాత కొందరు తిరిగి వచ్చినారు. కానీ మళ్ళీ ఓడలు నిండినాయి. ఇంటి దగ్గర పని లేదు, ఏం చేస్తారు? ఆ తర్వాత హెచ్చరికలు ఒకదాని వెనుక ఒకటి వచ్చినాయి. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి వేరు చేసినారు. అంటే కూలీ ఉన్నచోటే ఉన్నాడు, దేశం మారిపోయింది. 1938 జూలైలో మళ్ళీ అల్లర్లు, ఈసారి రంగూన్ దాటి చాలా ఊళ్ళకు పాకినాయి. 1941లో ఇండియా, బర్మా ప్రభుత్వాలు వలసల మీద ఒప్పందం చేసుకున్నాయి, నైపుణ్యం లేని కూలీలు కొత్తగా పోకుండా ఆపినారు. ఇవన్నీ పేపర్లలో వచ్చిన వార్తలే. చదివేవాళ్ళకు తెలుసు. మూట మోసేవాడికి ఎవరు చదివి చెప్తారు? మేస్త్రి చెప్తాడా?

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేసినాయి. జనం వీధుల్లో నిలబడి పైకి చూస్తా ఉన్నారంట, విమానాల గుంపును అట్లా ఎప్పుడూ చూడలేదు కాబట్టి. చాలామంది వీధుల్లోనే చనిపోయినారు. రెండు రోజులకు, క్రిస్మస్ నాడు, మళ్ళీ బాంబులు. రేవు కూలీలు ఊరు వదిలి నడక మొదలుపెట్టినారు. ప్రభుత్వానికి అది ఇష్టం లేదు. కూలీలు పోతే రేవు ఆగిపోతుంది, యుద్ధం సామాను ఎవరు దించుతారు? అందుకని ధైర్యం చెప్పి కొందరిని వెనక్కి తెచ్చినారు. వెనక్కి వచ్చినవాళ్ళు మళ్ళీ పరుగెత్తాల్సి వచ్చింది. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయింది.

ఓడలో చోటు డబ్బున్నవాళ్ళకు దొరికింది. మిగిలినవాళ్ళు నడిచినారు. కొందరు కొండ దాటి అరకాన్ తీరానికి, అక్కడి నుంచి చిట్టగాంగుకు. కొందరు చిండ్విన్ నది దాటి టాము మీదుగా మణిపూర్‌కు. ఇంకా ఆలస్యంగా బయల్దేరినవాళ్ళు ఉత్తరాన హుకాంగ్ లోయ అడవిలో వానల్లో చిక్కుకున్నారు. మొత్తం నాలుగైదు లక్షల మంది ఇట్లా వచ్చినారని చరిత్రకారులు అంటారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి. వేలమంది చనిపోయినారు, సరైన లెక్క ఎవరి దగ్గరా లేదు. తెల్లవాళ్ళకు మంచి దారి, నల్లవాళ్ళకు వేరే దారి పెట్టినారని ఇండియాలో అప్పుడే పెద్ద విమర్శ వచ్చింది. ఒకే దేశం, ఒకే యుద్ధం, ఒకే నెల. దొర విమానంలో పోయినాడు, కోరంగి కాలినడకన పోయినాడు. భద్రత దేశానికే కాదు, మనిషి జేబుకూ చర్మానికీ కూడా సంబంధించింది అనడానికి దీని కంటే ఏం చెప్పాల?

ఇంకొక సంగతి. అట్లా చచ్చీ చెడీ ఇల్లు చేరినవాళ్ళకు కూడా నెమ్మది లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద కూడా బాంబులు వేసినాయి. ఏ రేవు నుంచి పోయినారో ఆ రేవు మీదనే. కాబట్టి పరదేశం అంటే ప్రమాదం, సొంతవూరు అంటే భద్రం అని గీత గీసినట్టు చెప్పడానికి లేదు.

యుద్ధం అయినాక కొందరు మళ్ళీ పోయినారు. 1962లో నె విన్ సైన్యంతో అధికారం తీసుకుని, తర్వాత అంగళ్ళు, మిల్లులు, బ్యాంకులు జాతీయం చేసినాడు. లక్షల మంది ఓడల్లో తిరిగి వచ్చినారు. చెన్నైలో బీచ్ స్టేషన్ ఎదురుగా ఉన్న బర్మా బజార్ వాళ్ళ కోసం వచ్చిందే. విశాఖపట్నంలో బర్మా క్యాంప్ అని ఒక పేటే ఉంది.

ఇదంతా పాత కథ అనుకునేవాళ్ళకు కొత్త కథ చెప్తాను. 2022 ఫిబ్రవరి 15న కీవ్‌లోని మన ఎంబసీ, అక్కడ ఉండాల్సిన అవసరం లేని విద్యార్థులు ప్రస్తుతానికి ఉక్రెయిన్ వదిలి రావడం గురించి ఆలోచించుకోవచ్చని చెప్పింది. ఫిబ్రవరి 24న యుద్ధం మొదలై విమానాలు ఆగిపోయినాయి. మధ్యలో తొమ్మిది రోజులు ఉన్నాయి. అయినా తెలుగు, తమిళ పిల్లలు వేలల్లో అక్కడే ఉండిపోయినారు. ఎందుకంటే క్లాసులు జరుగుతా ఉన్నాయి, అటెండెన్స్ పోతుంది, టికెట్ ధర పెరిగిపోయింది, ఇంట్లో అప్పు చేసి ఫీజు కట్టినారు. హెచ్చరిక అందింది. వెనక్కి వచ్చే వీలు లేదు. మేస్త్రి అప్పు గుర్తుకు రావడం లేదా?

బర్మా పేరు కూడా మళ్ళీ వినిపిస్తా ఉంది. ఇప్పుడు దాన్ని మయన్మార్ అంటారు. థాయ్‌లాండ్ సరిహద్దులో మే సోట్ అని ఒక ఊరు, చిన్న నది అవతల మయన్మార్‌లో మ్యావడ్డి. బ్యాంకాక్‌లో కంప్యూటర్ ఉద్యోగం అని పిలిచి, అక్కడి నుంచి కారులో తీసుకుపోయి నది దాటించి, కంచె వేసిన కట్టడాల్లో పెట్టి ఆన్‌లైన్ మోసాలు చేయిస్తారు. చెయ్యకపోతే కొడతారు. 2022 సెప్టెంబరులోనే మన విదేశాంగ శాఖ దీని గురించి హెచ్చరించింది. ఆ అక్టోబరులో తమిళనాడు వాళ్ళు 13 మంది విడుదలై చెన్నైకి వచ్చినారు. 2025 మార్చిలో మన వైమానిక దళం విమానాల్లో 549 మందిని తీసుకువచ్చినారు, అందులో తెలుగువాళ్ళు కూడా ఉన్నారు.

థాయ్‌లాండ్ భద్రమైన దేశమేనా అంటే, సెలవులకు పోయేవాళ్ళకు అవును. లక్షల మంది పోయి ఫోటోలు తీసుకుని వస్తా ఉన్నారు. మా పెద్దమ్మ కొడుకు విషయంలో ఏజెంటు చెప్పింది కూడా ఇదే. మా అన్న డిప్లొమా చదివినాడు, బెంగళూరులో పని చేస్తాడు. బ్యాంకాక్‌లో "డిజిటల్ సేల్స్" ఉద్యోగం, నెలకు 80 వేలు అని ఒక ఏజెంటు ఇంటికి వచ్చినాడు. పెద్దనాయన "ఆ ఊరు మంచిదేనా సార్?" అని అడిగినాడు. "మీరేం భయపడొద్దు, ఎంతమంది టూర్ పోతా ఉన్నారు" అన్నాడు ఏజెంటు. అతను చెప్పింది అబద్ధం కాదు. అడిగిన ప్రశ్నకు సరైన జవాబే. ఆ ప్రశ్న టూర్ పోయేవాళ్ళది, మా అన్నది కాదు. మా అవ్వ ఒక్కతే వేరే ప్రశ్న అడిగింది: "బాగాలేదంటే వాడు ఎట్లా తిరిగొస్తాడు నాయనా? టికెట్టు ఎవరి చేతిలో ఉంటుంది?" దానికి ఏజెంటు నవ్వినాడు. అవ్వ చదువుకోలేదు, రంగూన్ పేరు కూడా వినలేదు.

నేను ఆ తర్వాత ఎమిగ్రేషన్ చట్టం గురించి తెలుసుకున్నాను. 1983 చట్టం ప్రకారం పని కోసం మనుషులను పరదేశానికి పంపే ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాల. ఆ నంబరు నిజమా కాదా అని ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. మన రాష్ట్రానికి చెన్నైలో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు ఉంది. పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు మీద సాధారణంగా "ఈ.సి.ఆర్." అని ఉంటుంది. వాళ్ళు గల్ఫ్ దేశాలు, మలేషియా, థాయ్‌లాండ్ వంటి కొన్ని దేశాలకు పని వీసాతో పోవాలంటే ఆ ఆఫీసు అనుమతి కావాల. జీతం ఎంత, యజమాని ఎవరు, ఇన్సూరెన్సు ఉందా అని చూసి పంపుతారు. కోరంగీలకు ఇట్లాంటి ఆఫీసు ఉండి ఉంటే బాగుండేది. మన క్లాసులో పబ్లిక్ పరీక్షకు చదివేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోవచ్చు, పదో తరగతి పాసుకు ఇట్లాంటి విలువ కూడా ఉంది.

అయితే ఈ చట్టం తయారయింది చదువురాని కూలీని మేస్త్రి మోసం చెయ్యకుండా. మ్యావడ్డిలో చిక్కేవాళ్ళకు కంప్యూటర్ వచ్చు, ఇంగ్లీషు వచ్చు. డిగ్రీ, డిప్లొమా చదివినవాళ్ళే మోసం చేసేవాళ్ళకు కావాల. వాళ్ళ పాస్‌పోర్టులో ఆ ముద్ర ఉండదు. పైగా పోయేది విజిట్ కోసం అన్నట్టు, కాబట్టి ఏ ఆఫీసూ వాళ్ళను ఆపి అడగదు. మా అన్న పాస్‌పోర్టులో కూడా ముద్ర లేదు. రిజిస్ట్రేషన్ నంబరు, పని వీసా కాగితం, తిరుగు టికెట్టు మూడూ చూపమని పెద్దనాయన అడిగి మూడు వారాలయింది. ఏజెంటు నుంచి ఇంకా ఏమీ రాలేదు.