గృహ కంప్యూటర్లకు యూపీఎస్ రక్షణ: చరిత్ర

కరెంటు పోయినప్పుడు గానీ, వోల్టేజీ హద్దు దాటి పడిపోయినా పెరిగినా గానీ, బ్యాటరీలో నిలవ ఉన్న విద్యుత్తును తక్షణం అందించి కంప్యూటరు ఆగకుండా కాపాడే పరికరం యూపీఎస్. ఈ ఆలోచన కంప్యూటర్ల కంటె పాతది. ఎడతెగని విద్యుత్ సరఫరాకు ఉద్దేశించిన ఏర్పాటుపై జాన్ హాన్లీ 1934లోనే అమెరికాలో పేటెంటు పొందాడు. తొలినాళ్ళలో వాడిన, మోటారు, జనరేటరు, బరువైన ఫ్లైవీల్ కలిసిన యంత్రాలలో, కరెంటు పోయాక కూడా చక్రం తన వేగంతోనే జనరేటరును కాసేపు తిప్పేది. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ థైరిస్టరు అనే సెమీకండక్టర్ స్విచ్చును వెలువరించిన తరువాత, తిరిగే భాగాలు లేకుండానే బ్యాటరీలోని డీసీని ఏసీగా మార్చడం సులువై, 1960లలో పెద్ద కంప్యూటర్ కేంద్రాలకు బ్యాటరీ యూపీఎస్‌లు వచ్చాయి.

1981లో ఐబీఎం పీసీ వెలువడి, కంప్యూటరు ఇళ్ళలోకి రావడానికి దారి వేసింది. అదే ఏడు అమెరికాలో స్థాపితమైన ఏపీసీ సంస్థ 1984లో తన తొలి యూపీఎస్‌ను విడుదల చేసింది. నీళ్ళు పోయనక్కరలేని సీల్డ్ లెడ్-ఆసిడ్ బ్యాటరీ ఇళ్ళలో యూపీఎస్ వాడకాన్ని సులభం చేసింది. తెలుగునాట ఇటువంటి బ్యాటరీల తయారీలో పేరుపడిన అమరరాజా సంస్థను గల్లా రామచంద్రనాయుడు తిరుపతి వద్ద 1985లో స్థాపించారు.

యూపీఎస్‌లలో మూడు రకాలున్నాయి. మామూలుగా లైను కరెంటునే నేరుగా పంపి, అది పోయినప్పుడు మాత్రమే బ్యాటరీకి మారే ఆఫ్‌లైన్ యూపీఎస్ చవకగా దొరకడానికి అసలు కారణం కంప్యూటరు లోపలి విద్యుత్ సరఫరా భాగమైన ఎస్‌ఎంపీఎస్‌లో ఉంది. కరెంటు ఆగినా అందులోని కెపాసిటర్లు సుమారు 15 నుంచి 20 మిల్లీసెకన్లు పని నడిపిస్తాయి గనుక, యూపీఎస్‌లోని రిలే 10 మిల్లీసెకన్ల లోపు బ్యాటరీకి మారితే చాలును. అయితే లో వోల్టేజీ తరచుగా ఉండే చోట ఇది మాటిమాటికి బ్యాటరీ మీదికి వెళ్ళి దానిని హరించివేస్తుంది. లైన్-ఇంటరాక్టివ్ రకం మాత్రం లోపలి ఆటోట్రాన్స్‌ఫార్మరుతో వోల్టేజీని సవరించి బ్యాటరీని ఆదా చేస్తుంది. మన సరఫరా తీరుకు ఈ రెండవదే తగినది. నిరంతరం ఏసీని డీసీగా, తిరిగి ఏసీగా మార్చే ఆన్‌లైన్ రకం మరింత మేలైనదైనా, ఖరీదు ఎక్కువ.

అయితే యూపీఎస్ రక్షణకూ హద్దులున్నాయి. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ తెగితే కొన్ని ఇళ్ళకు 230 వోల్టులకు బదులు 400కు దగ్గరగా రావచ్చు. అంతటి వోల్టేజీని ఇంటి యూపీఎస్ కూడా ప్రతిసారీ తట్టుకోలేదు. పిడుగుల వల్ల వచ్చే సర్జ్‌ను అణచడానికి వాడే వేరిస్టర్లు కొంత కాపాడతాయి గానీ, సరైన ఎర్తింగ్ లేకపోతే ఆ రక్షణ సగమే. యూపీఎస్ కొనేముందు ఇంటి ఎర్తింగును ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించుకోవాలి.