ప్రశ్న ఎవరిది? సి.ఆర్. రావుగారి శిష్యరికం, గురుత్వం

మన విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ చేస్తున్నానని ఎవరైనా చెబితే వెంటనే వచ్చే ప్రశ్న "గైడు ఎవరు?" అన్నది. పరిశోధన దేని మీద అన్న సంగతి ఆ తరువాతే. అమెరికాకు వచ్చాక గైడు అన్న మాట అడ్వైజర్ అయింది గాని ఆ ప్రశ్న మారలేదు. అడ్వైజర్ మంచివాడైతే పీహెచ్‌డీ అయిదేళ్ళలో అవుతుందనీ, కాకపోతే ఎప్పటికవుతుందో ఆ భగవంతుడికే తెలియాలనీ పిల్లలు చెప్పుకోవడం మనందరం విన్నదే.

ఇంతకీ గైడు చేయవలసిన పని ఏమిటి? పరిశోధించడానికి ఒక సమస్య చేతిలో పెట్టడమా? దారి తప్పకుండా పక్కన నడవడమా? చివర్లో సంతకం పెట్టడమా? ఈ ప్రశ్నకు గ్రంథాల్లో జవాబు వెతకనక్కరలేదు. శిష్యుడిగా ఒక మహా గణాంక శాస్త్రవేత్త దగ్గర చేరి, ఆ తరువాత గురువుగా సుమారు 50 మందిని డాక్టరేట్లను చేసిన ఒక తెలుగువాడి జీవితం చూస్తే చాలు. ఆయనే ఆచార్య కల్యంపూడి రాధాకృష్ణ రావు, లోకానికి సి.ఆర్. రావు.

ఎలక్ట్రానిక్స్ చదివిన వారికి 'క్రామర్-రావ్ బౌండ్' అన్న మాట పరిచయమే. నేను ఇంజనీరింగులో ఆ సూత్రాన్ని బట్టీపట్టిన రోజుల్లో అందులోని రావు మనవాడన్న సంగతి మా క్లాసులో ఎవరికీ తోచలేదు. రాడార్‌తో విమానం ఎక్కడుందో కొలిచినా, ఉపగ్రహాల సాయంతో మన కారు ఏ వీధిలో ఉందో లెక్కగట్టినా, కొలతలో కొంత పొరపాటు తప్పదు. పక్షపాతం లేని ఏ పద్ధతి వాడినా, ఆ పొరపాటు ఒక హద్దుకంటే కిందికి దిగదు. ఆ హద్దు ఎంతో చెప్పేదే ఈ సూత్రం.

గడువు దాటిన దరఖాస్తు

రావుగారు 1920 సెప్టెంబరు 10న, అప్పటి మద్రాసు రాజధానిలోని బళ్ళారి జిల్లా హడగలిలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు కర్ణాటకలో ఉంది. పదిమంది సంతానంలో ఎనిమిదవవాడు కనుక, దేవకీదేవి అష్టమ గర్భాన్ని తలచుకుని రాధాకృష్ణ అని పేరు పెట్టారు. తండ్రి పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరు. బదిలీల ఉద్యోగం వల్ల చదువు గూడూరు, నూజివీడు, నందిగామల మీదుగా సాగి విశాఖపట్నం చేరింది. తల్లి లక్ష్మీకాంతమ్మగారు రోజూ తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, నూనె దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారట. పెద్దయ్యాక ఆయన తన పుస్తకాన్ని అంకితమిస్తూ ఆ దీపాన్నే తలచుకున్నారు. ఆయన మొదటి గైడు ఎవరని అడిగితే ఆ తల్లి పేరే చెప్పాలేమో!

1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. మొదటి స్థానంలో పూర్తిచేశారు. అక్కడే పరిశోధన చేద్దామని స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టుకుంటే, గడువు దాటాక అందిందని తిరస్కరించారు. యుద్ధకాలం. సైన్యానికి చెందిన సర్వే విభాగంలో గణితజ్ఞుడి ఉద్యోగం ఉందంటే ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగమూ రాలేదు. కాని బస చేసిన హోటల్లో ఒక యువకుడు కలిశాడు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ స్థాపించిన భారతీయ గణాంక సంస్థ అనేది ఒకటుందనీ, తాను అక్కడ శిక్షణకు వచ్చాననీ చెప్పాడు. రావుగారు వెళ్ళి చూశారు. 1941 జనవరి 1న అందులో చేరారు. ఆ దరఖాస్తు వేళకు చేరి ఉంటే ఆయన విశాఖలోనే ఉండిపోయేవారేమో. అప్పుడు మన పాఠ్యపుస్తకాల్లో ఆ సూత్రం పేరు పక్కన రావు అన్న రెండక్షరాలు ఉండేవో లేవో!

విద్యార్థి అడిగిన ప్రశ్న

కలకత్తా విశ్వవిద్యాలయం కొత్తగా ప్రారంభించిన గణాంక శాస్త్రం ఎం.ఏ.ను రావుగారు 1943లో పూర్తి చేసి, వెంటనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. 1944లో ఒకరోజు క్లాసులో ఆర్.ఎ. ఫిషర్ ఫలితం ఒకటి వివరిస్తున్నారు. కొలతల సంఖ్య చాలా పెద్దదైనప్పుడు అంచనాలు ఎంత కచ్చితంగా ఉండగలవో చెప్పే ఫలితమది. ఒక విద్యార్థి లేచి, కొలతలు కొద్దిగానే ఉన్నప్పుడు కూడా ఇలాంటిది నిరూపించవచ్చా అని అడిగాడు. ఆ విద్యార్థి వి.ఎం. దండేకర్. తరువాతి కాలంలో పేరుపొందిన ఆర్థికవేత్త అయ్యాడు.

అప్పటికి రావుగారి దగ్గర జవాబు లేదు. "అది సిలబసులో లేదు" అని కూర్చోబెట్టవచ్చు. మనలో చాలామందికి అలాంటి మేష్టార్లు తెలుసు. రావుగారు మాత్రం ఆ ప్రశ్నను ఇంటికి తీసుకెళ్ళి, ఆ రాత్రే కూర్చుని నిరూపించారు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయిన వ్యాసంలో ఆ ఫలితం ఉంది. స్వీడన్‌కు చెందిన హెరాల్డ్ క్రామర్ విడిగా అదే ఫలితాన్ని 1946లో తన గ్రంథంలో ప్రకటించడంతో ఇద్దరి పేర్లూ కలిసి నిలిచాయి. ఒక ముతక అంచనాను మెరుగుపరిచే పద్ధతి కూడా అదే వ్యాసంలో ఉంది. దాన్ని ఇప్పుడు రావ్-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అంటున్నాం. ఆ వ్యాసం రాసేనాటికి ఆయనకు పీహెచ్‌డీ లేదు, గైడూ లేడు. ఉన్నదల్లా వినదగిన ప్రశ్న అడిగిన ఒక విద్యార్థి.

కేంబ్రిడ్జిలో ఎముకలు, ఎలుకలు

సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట హెన్రీ వెల్‌కమ్ 1910-14 మధ్య తవ్వకాలు జరిపించారు. అక్కడ దొరికిన ప్రాచీన మానవుల అస్థిపంజరాలు కేంబ్రిడ్జి చేరాయి. ఆ మనుషులు ఏ జాతులకు దగ్గరివారో తేల్చడానికి, మహలనోబిస్ 1936లో ప్రతిపాదించిన 'దూరం' లెక్క తెలిసినవారు కావాలని అక్కడి మ్యూజియం తరఫున జె.సి. ట్రెవర్ కోరారు. 1946లో మహలనోబిస్ రావుగారిని పంపించారు. అంటే ఆయన కేంబ్రిడ్జి వెళ్ళింది విద్యార్థిగా కాదు, జీతం మీద ఎముకలు లెక్కగట్టే పనికి!

వెళ్ళినవారు ఊరికే ఉండలేదు. కింగ్స్ కాలేజీలో పీహెచ్‌డీకి నమోదై, ఫిషర్‌ను గైడుగా ఉండమని అడిగారు. ఆధునిక గణాంక శాస్త్రానికి పునాది వేసిన ఫిషర్ అప్పుడు అక్కడ జన్యుశాస్త్ర ఆచార్యుడు. ఆయన ఒప్పుకున్నాడు గాని రెండు షరతులు పెట్టాడు. ఒకటి, తన ప్రయోగశాలలో ఎలుకల మీద జరుగుతున్న జన్యు ప్రయోగాల్లో పనిచేయాలి. రెండు, థీసిస్‌కు సమస్యను రావుగారే వెతుక్కోవాలి.

గణితంలో అంత పేరు తెచ్చుకున్న యువకుడికి ఎలుకల బోనుల దగ్గర పని ఎందుకు? అంకెలు ఎక్కడి నుంచి పుడతాయో చేత్తో తాకి తెలుసుకోనివాడికి వాటి గురించి మాట్లాడే హక్కు లేదన్నది ఫిషర్ చూపిన దారి అని నాకనిపిస్తుంది. రెండవ షరతు ఇంకా కఠినమైనది. కాని రావుగారికి సమస్య దూరాన లేదు, పగలంతా చేస్తున్న మ్యూజియం పనిలోనే దొరికింది. ఒక పుర్రె కొలతలు చేతికి వస్తే అది ఏ సమూహానికి చెందినదో తక్కువ పొరపాటుతో ఎలా నిర్ణయించాలి? జీవశాస్త్ర వర్గీకరణలోని గణాంక సమస్యలే ఆయన థీసిస్ అయ్యాయి. 1948లో డాక్టరేటు వచ్చింది. అవే పద్ధతులు నేడు రోగ నిర్ధారణ మొదలుకొని కంప్యూటరుతో బొమ్మలు గుర్తుపట్టడం దాకా ఎన్నో చోట్ల కనిపిస్తాయి.

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. "నీ సమస్య నువ్వే వెతుక్కో" అనడం వినడానికి గొప్పగా ఉంటుంది. కాని ఆ స్వేచ్ఛకు ఖర్చుంది. రావుగారికి మ్యూజియం జీతం ఉంది, 1945 వ్యాసం ఇచ్చిన ధైర్యం ఉంది. ఏమీ లేని విద్యార్థిని అదే మాట అని వదిలేస్తే అది గురుత్వం అనిపించుకోదు, చేతులు దులుపుకోవడం అవుతుంది. ఈ తేడా రావుగారికి బాగా తెలుసు అనడానికి ఆయన గురువుగా చేసిన పనే సాక్ష్యం.

కలకత్తా నలుగురు

రావుగారు తిరిగివచ్చి 1949లో, 28 ఏళ్ళ వయసులో, గణాంక సంస్థలో ఆచార్యులయ్యారు. పరిశోధన, శిక్షణ విభాగం బాధ్యత ఆయనది. అప్పటికి ఆ సంస్థకు డిగ్రీలు ఇచ్చే అధికారం లేదు. పార్లమెంటు 1959లో చట్టం చేశాకే ఆ హక్కు వచ్చింది. డిగ్రీ ఇవ్వలేని చోట కూడా పరిశోధక విద్యార్థులు చేరారంటే, అక్కడి వాతావరణం ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

1950లు ముగిసేనాటికి అక్కడ నలుగురు కుర్రవాళ్ళు పోగయ్యారు. వి.ఎస్. వరదరాజన్, ఆర్. రంగారావు, కె.ఆర్. పార్థసారథి, ఎస్.ఆర్.ఎస్. వరదన్. వరదన్ 1959లో మద్రాసు నుంచి 19 ఏళ్ళ వయసులో వచ్చారు. ఫ్యాక్టరీల్లో నాణ్యత నియంత్రణకు పనికివచ్చే గణాంకాలు నేర్చుకుని ఉద్యోగం చూసుకోవాలన్నది అప్పటి ఆలోచన. తోటివాళ్ళు ఆయన్ని సంభావ్యతా సిద్ధాంతం వైపు లాగారు. ఒకరికి తెలిసింది మరొకరికి చెప్పుకుంటూ, బల్లల చుట్టూ వాదించుకుంటూ కలిసి వ్యాసాలు రాశారు.

వీళ్ళు పట్టుకున్నది రావుగారి సొంత రంగం కాదు. ఆయనది కొలతలతో, అంచనాలతో ముడిపడిన గణాంకశాస్త్రం. వీళ్ళది అమూర్తమైన గణితం. చాలామంది గైడులు ఇక్కడే "నా టాపిక్ మీద చేస్తేనే సంతకం" అంటారు. రావుగారు అనలేదు. కాగితం మీద గైడుగా ఉంటూ, దారికి అడ్డం రాకుండా, కావలసిన తలుపులు తెరిచారు.

ఆ తలుపుల్లో అన్నింటికంటే పెద్దది 1962లో తెరుచుకుంది. ఆధునిక సంభావ్యతా సిద్ధాంతానికి పితామహుడైన రష్యన్ గణితజ్ఞుడు కొల్మొగొరోవ్ ఆ ఏడాది గణాంక సంస్థకు వచ్చారు. వరదన్ తన పరిశోధనను ఆయన ముందే వినిపించారు. గంటలో ముగించవలసిన ప్రసంగం గంటన్నర దాకా సాగింది. తరువాత కొల్మొగొరోవ్ మాట్లాడడానికి లేస్తే, విసిగిపోయిన కొందరు శ్రోతలు బయటకు నడవడం మొదలుపెట్టారు. ఆయన సుద్దముక్క విసిరేసి వెళ్ళిపోయారు. తన పీహెచ్‌డీ అక్కడితో సరి అనుకున్నారు వరదన్. వెనకాలే వెళ్ళి క్షమాపణ చెబితే ఆయన నవ్వేశారట. ఆయన కోపం లేచిపోయిన శ్రోతల మీదే! ఆ థీసిస్‌ను మాస్కో తీసుకెళ్ళి చదివి, మెచ్చుకుంటూ నివేదిక పంపారు. 1963లో వరదన్‌కు డాక్టరేటు వచ్చింది. అదే ఏడాది ఆయన న్యూయార్క్‌లోని కూరంట్ సంస్థకు చేరారు. 2007లో గణితంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటైన ఆబెల్ బహుమతి అందుకున్నారు. వరదరాజన్ లాస్ ఏంజిల్స్‌లో, రంగారావు ఇల్లినాయిలో ఆచార్యులయ్యారు. పార్థసారథి ఢిల్లీలో ఉండి క్వాంటం సంభావ్యతలో కొత్త దారి వేశారు.

ఫిషర్ తనకు ఇచ్చిన స్వేచ్ఛనే రావుగారు వీళ్ళకు ఇచ్చారు. దానికి ఫిషర్ ఇవ్వని రెండు వస్తువులు జోడించారు. ఒకటి, వాదించుకోవడానికి సమవయస్కుల జట్టు. రెండు, పనిని తూచగల అసలైన పరీక్షకుడు. తనకు తెలియని రంగంలో శిష్యుణ్ణి తాను తూచడానికి పూనుకోకుండా, తూచగలవాడి ముందు నిలబెట్టడం చిన్న విషయం కాదు. దానికి విద్వత్తుతో పాటు వినయమూ కావాలి.

మన ఇళ్ళల్లో

రావుగారు 1979లో అమెరికా వచ్చి పిట్స్‌బర్గ్‌లో, 1988 నుంచి పెన్ స్టేట్‌లో పనిచేశారు. 2001లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్‌తో గౌరవించింది. అమెరికా జాతీయ విజ్ఞాన పతకమూ వరించింది. 2023లో, 102 ఏళ్ళ వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది. దానికి ఆధారంగా చెప్పినది, ఒక విద్యార్థి ప్రశ్నతో మొదలైన ఆ 1945 వ్యాసమే. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేరిట ఒక పరిశోధనా సంస్థ, ఆ పక్కనే ఆయన పేరుతో ఒక రోడ్డు ఉన్నాయి. సెలవులకు వెళ్ళినప్పుడు గచ్చిబౌలి వైపు తిరిగే మనలో చాలామంది ఆ రోడ్డు మీద ప్రయాణించే ఉంటాం.

ఈ సభలకు వచ్చిన కుటుంబాల్లో పరిశోధనకు సిద్ధమవుతున్న పిల్లలు ఎందరో ఉంటారు. వాళ్ళకు మనం ఇచ్చే సలహాలు విశ్వవిద్యాలయం ర్యాంకు ఎంత, అసిస్టెంట్‌షిప్పు వస్తుందా, ఎన్నేళ్ళలో ముగుస్తుంది అన్నవాటి దగ్గరే ఆగిపోతాయి. అవీ అవసరమే, కాదనను. ఇప్పటి రోజుల్లో ఆచార్యుడికి వచ్చిన గ్రాంటును బట్టే చాలాసార్లు విద్యార్థి సమస్య నిర్ణయమవుతుంది. జీతం ఇచ్చే చోట పని చేయడం తప్పూ కాదు. రావుగారు చేసిందీ అదే. అయినా పిల్లలతో పాటు మనం ఇంకో మూడు విషయాలు వాకబు చేయాలి. ఆ గైడు దగ్గర విద్యార్థి ఎదురుప్రశ్న వేయగలడా? తోటి విద్యార్థులు ఒకరికొకరు చెప్పుకుంటారా, లేక దాచుకుంటారా? శిష్యుడు తనను మించిన దారి పడితే ఆ గైడు తలుపు తీస్తాడా, మూస్తాడా?

ఇక మనలో చాలామంది ఆఫీసుల్లో కుర్రవాళ్ళకు పని నేర్పే వయసుకు వచ్చాం. మనకు పీహెచ్‌డీలు లేకపోవచ్చు, మనం ఇచ్చేది థీసిస్ కాకపోవచ్చు. కాని రేపు ఏ మీటింగులోనో ఒక కొత్త కుర్రాడు మనకు జవాబు తెలియని ప్రశ్న అడుగుతాడు. 1944లో ఇరవై మూడేళ్ళ రావుగారు అలాంటి ప్రశ్నను ఏం చేశారో మనకిప్పుడు తెలుసు.