పాటలో పాడేవారి వాటా: ధర్పల్లి–బోధన్ ప్రాంతపు సాక్ష్యం

మన పాటల చరిత్రలు కవి పేరుతో మొదలవుతాయి, గాయకుల ప్రస్తావన చివర్న ఎక్కడో వస్తుంది. అచ్చయిన గేయానికీ సినిమా పాటకూ ఈ వరుస నప్పుతుంది. ధర్పల్లి నుంచి బోధన్ దాకా నిజామాబాద్ పల్లెల్లో నిలిచిన పాటకు మాత్రం నప్పదు. ఇక్కడ మాటల్లో కొంత, బాణీలో చాలామటుకు, పాడే వేళనే తేలుతుంది. ఆ వాటాను గాత్రధర్మంగా మెచ్చుకొని వదిలేస్తే చాలదు, రచనగానే లెక్కకట్టాలన్నది ఈ వ్యాసం వాదం.

బలమైన సాక్ష్యం చిందు యక్షగానం. బోధన్ దగ్గరి అమ్దాపూర్‌లో బతికి 2005లో కన్నుమూసిన చిందు ఎల్లమ్మ పేరు ఈ కళకు పర్యాయపదంలా మిగిలింది. మాదిగలను ఆశ్రయించి బతికిన చిందులు తమ హక్కు ఊళ్ళలో తిరుగుతూ జాంబపురాణం చెప్పేవాళ్ళు, ఎల్లమ్మ దేవత వేషం కట్టేవాళ్ళు, రాత్రుళ్ళు భాగోతాలాడేవాళ్ళు. ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టడం వీరి ప్రత్యేకత. చెర్విరాల భాగయ్య వంటి కవుల యక్షగానాలు అచ్చయి తెలంగాణ అంతటా చేతులు మారాయి కాబట్టి రచన కవిదే, ఆట మాత్రమే దళానిదని అనిపించవచ్చు. కానీ పుస్తకంలో ఉండేది దరువు, దాని తాళం పేరు, కందార్థం, వచనం. ఏ చరణాన్ని వంతలతో ఎన్నిసార్లు తిప్పించాలి, మద్దెల ఎక్కడ ఆపి సంవాదంలోకి దిగాలి, ముందున్న జనాన్ని చూసి ఏ ముచ్చట కలపాలి అన్నవి పుస్తకంలో ఉండవు. రెండు గంటల పాఠం తెల్లవార్లూ సాగే భాగోతమయ్యేది ఈ నిర్ణయాలతోనే. వీటిని అలంకారాలనడం నాకు అన్యాయంగానే తోస్తుంది. జాంబపురాణానికైతే ఫలానా కవి అని వేలు చూపడమే కష్టం.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. 2002లో అప్పటి నిజామాబాద్ జిల్లాలోని కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ఉద్యమ పాటల ధూంధాం వేదికలనే చూడండి, అక్కడి పాటలకు గోరటి వెంకన్న, అందెశ్రీ వంటి పేరున్న కవులు ఉన్నారు కదా, అందరూ కర్తలేనంటే కవి శ్రమకు విలువేముంటుంది అని అడగవచ్చు. కవి వాటాను తగ్గించమని ఇక్కడ ఎవరూ అనడం లేదు. కానీ ఆ వేదిక మీది పాటలు చాలావరకు బతుకమ్మ, ఒగ్గు, పనిపాటల బాణీలను ఆసరా చేసుకున్నాయి. ఒకరు చెప్పగా పదిమంది అందుకునే ఆ అమరికను, ఊరి పేరూ మనుషుల పేర్లూ ఇముడ్చుకునే ఆ వెసులుబాటును తరాలుగా సానబెట్టింది పాడినవాళ్ళే. ధర్పల్లిలో బతుకమ్మ చుట్టూ పాట అందించే ఆవిడ చేసేదీ అదే పని.

చట్టం ఈ సంగతిని సగమే గ్రహించింది. 1957 కాపీరైట్ చట్టం మొదట్లో రాతలోకో అచ్చులోకో ఎక్కిన సంగీతాన్నే కృతిగా గుర్తించింది. 1994 సవరణ ఆ షరతు తీసేసి, స్వరం రాసిపెట్టకున్నా కట్టినవారే స్వరకర్త అంది. ప్రదర్శకులకు విడిగా హక్కులిచ్చి, ఆ జాబితాలో పాములవాణ్ణి కూడా చేర్చింది. అయితే సంగీత కృతి నిర్వచనంలో పాడే మాటలకు చోటు లేదు, అవి సాహిత్యం లెక్కలోకి పోతాయి. ఆ రాత్రి నోటికొచ్చి కలిపిన చరణం ఎవరిదో నిరూపించాలంటే ఏదో ఒక రికార్డు ఉండాలి. 2021లో ‘సారంగ దరియా’ అనే జానపద పాట సినిమాకెక్కినప్పుడు దాని మీద గొడవ రేగింది. సినిమా పాట రాసింది సుద్దాల అశోక్ తేజ. అంతకు ముందు దాన్ని జనంలోంచి తెచ్చి పాడినవారికి చెందేదేమిటన్నది తగువు. అది కోర్టులో కాకుండా మాటామంతీతో సద్దుమణిగింది. సినిమా దాకా రాని పాటలకు ఆ మాటామంతీ కూడా దొరకదు. అందుకే చిందు పాఠాలను అచ్చువేసే సంపాదకులు కవి పేరు పక్కనే ఆడిన దళం, ఊరు, తేదీ వేయాలి, దళం కలిపిన చరణాలను పాదసూచికలోకి నెట్టకుండా పాఠంలోనే ఉంచాలి.