ఆయుధమునకు మనసున్నదా?

కొయ్యూరు పేరు వినగానే అల్లూరి సీతారామరాజు స్మరణకు వచ్చును. 1924 మే 7వ తేదీన ఆయన అచటనే తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఆ గుండ్లు ఆయనను తాకజాలవని మన్యప్రజలు నమ్మియుండిరి. దీనిని వెఱ్ఱినమ్మకమని త్రోసిపుచ్చుట సులభము. కాని ఆయుధమునకు తెలివి కలదనియు, అది మనిషిని గుర్తెఱుగుననియు తలచుట మనకు మిగుల ప్రాచీనమైన సంప్రదాయము.

బాలకాండములో విశ్వామిత్రుడు ప్రసాదించిన అస్త్రములు రూపములు దాల్చి, రాముని యెదుట చేతులు జోడించి నిలిచినవి. తన మనస్సునందుండి పనివేళ తోడ్పడుడని రాముడు వానిని వేడెను. భారతములోని గాండీవము కథ వేరు. కృష్ణనిర్యాణానంతరము దొంగలు పైబడగా, ఆ వింటికి నారి యెక్కించుటయే అర్జునునకు కష్టమయ్యెను, అస్త్రములు స్ఫురింపలేదు. అవి వచ్చిన పని తీరినదని వ్యాసుడు ఓదార్చెను. తుదకు అగ్నిదేవుని కోరికపై అర్జునుడు గాండీవమును నీట విడిచెను. అది వరుణునికడనుండి వచ్చినది. అతని సొత్తు కాదు, కొంతకాలము తోడుండిన నేస్తము.

పల్నాటిలో ఈ భావము నేటికిని సజీవము. కార్తికమాసాంతమున కారెంపూడిలో మొదలగు వీరారాధనోత్సవములకు ఆచారవంతులు వీరుల ఆయుధములను మోసికొని వత్తురు. వానిని కొణతములందురు. నాగులేటిలో స్నానమాడించి పూజింతురు. భక్తుల కన్నులకు కొణతము వీరుని గుర్తు మాత్రమే కాదు, వీరుడే.

మన్యములో మఱియొక వింత జరిగినది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై రాజు దళము దాడి సల్పి 26 తుపాకులను గైకొన్నది. తీసికొన్నవాని వివరములను రికార్డులో వ్రాసి రాజు సంతకము చేసెను. ఇనుము మారలేదు, కొయ్య మారలేదు. నిన్నటి సర్కారు తుపాకి నేడు పితూరీ తుపాకియైనది. ఇందు మంత్రమేమియు లేదు. పట్టిన చేయి మారినది, అంతియే.

ఆయుధమునకు మనసున్నదని మన పెద్దలు చెప్పినది, దానిని ఎత్తుటకు ముందు మనిషి ఒకమాఱు ఆగి ఆలోచించుటకేనని మేము తలంచుచున్నాము. గాండీవము మొరాయింపగలిగినది. విచారణ లేకయే కొయ్యూరులో పేలిన తుపాకికి ఆ శక్తి లేదు. కాదనవలసినది దానిని పట్టిన మనిషి, అతడు కాదనలేదు.