ఆగమాదేశాలు: మన జీపు ఇంజిన్ల చరిత్ర

ఈ మధ్య ఒక ఉదయం వరంగల్లు ములుగు రోడ్డు మీద నడచివస్తుండగా ఒక పాత జీపు నన్ను దాటిపోయింది. ఎత్తైన బానెట్టు, గుండ్రని దీపాలు, మడచిపెట్టిన గుడ్డ టాపు. ఆకారమంతా నా బాల్యంలో చూచిన పెట్రోలు జీపుదే. శబ్దం మాత్రం ట్రాక్టరుది. వెనుదిరిగి చూడకుండానే గుర్తుపట్టాను, దాని ఇంజిన్ మార్చారని.

ముప్పైయేండ్లకు పైగా పిల్లలకు సంధులు, సమాసాలు చెప్పినవాణ్ణి. ఇంజిన్ల గురించి వ్రాయడానికి నాకేమి అర్హత ఉన్నదని పాఠకులు అడుగవచ్చు. మా మేనమామగారి జీపు ఒకటి నాకు ఆ పాఠం చెప్పింది. దానిని తరువాత చెబుతాను. ముందుగా చరిత్ర చూద్దాం.

జీపు పుట్టుకలోనే ఇంజిన్ల తగవు ఉన్నది. 1940లో అమెరికా సైన్యం తేలికైన, నాలుగు చక్రాలకూ శక్తి అందే చిన్న వాహనం కావాలని కోరింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరు చేత నమూనా గీయించి, ఆ సంవత్సరం సెప్టెంబరులోనే బండిని సైన్యానికి అప్పగించింది. ఆ బండి బాంటమ్‌ది. అందులోని ఇంజిన్ కాంటినెంటల్ అనే మరొక కంపెనీది. పోటీకి దిగిన ఫోర్డ్ సంస్థ తన ట్రాక్టరు ఇంజిన్‌నే సవరించి తన నమూనాలో పెట్టింది. ఈ రెండింటి బలమూ సుమారు 45 హార్స్‌పవర్. విల్లీస్ కంపెనీ తెచ్చిన 'గో డెవిల్' ఇంజిన్‌ది 60. ప్రధానంగా ఆ బలంవల్లనే సైన్యం విల్లీస్ వైపు మొగ్గింది. 1941లో నమూనా ఖాయమైన తరువాత ఫోర్డ్ కూడా తన కర్మాగారాలలో విల్లీస్ నమూనా ఇంజిన్‌నే తయారు చేయవలసివచ్చింది. యుద్ధం ముగిసేనాటికి రెండు కంపెనీలూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. ఒకరి బండిలో మరొకరి ఇంజిన్ ఉండడం జీపుకు జన్మతో వచ్చిన లక్షణమన్నమాట.

యుద్ధానంతరం జీపు మన దేశంలో స్థిరపడింది. 1945లో లూధియానాలో కె.సి. మహీంద్రా, జె.సి. మహీంద్రా సోదరులు మాలిక్ గులాం మహమ్మద్‌తో కలిసి 'మహీంద్రా అండ్ మహమ్మద్' సంస్థను స్థాపించారు. దేశవిభజన తరువాత గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కు వెళ్ళి ఆ దేశపు తొలి ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో సంస్థ పేరు 'మహీంద్రా అండ్ మహీంద్రా'గా మారింది. బొంబాయిలో ఈ సంస్థ విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి కూర్చింది. క్రమంగా భాగాలను ఇక్కడే చేయనారంభించింది.

1953లో విల్లీస్ కంపెనీ సి.జె.-3బి అనే నమూనాను తెచ్చింది. ఇందులోని 'హరికేన్' ఇంజిన్ గో డెవిల్‌కు తమ్ముని వంటిది. లోనికి గాలిని వదిలే వాల్వులను దీనిలో సిలిండర్ల పైభాగానికి మార్చారు. దానితో ఇంజిన్ ఎత్తు పెరిగింది, పాత బానెట్టు క్రింద ఇమడలేదు. కనుక బానెట్టునే ఎత్తు చేశారు. తరువాత దశాబ్దాల పాటు మన పోలీసుస్టేషన్ల ముందు, తహశీలు కచేరీల ముందు, అటవీశాఖ బంగళాల ముందు నిలిచిన ఎత్తైన ముక్కు జీపు ఇదే. లోపలి గుండెను బట్టి వెలుపలి ముఖం మారిందని దీనివలన తెలుస్తున్నది.

ఇంతవరకు అంతా పెట్రోలు. కాలం 1973లో మారింది. ఆ సంవత్సరం అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధం వచ్చింది. పీపా ముడిచమురు ధర సుమారు 3 డాలర్ల నుంచి 1974 ఆరంభానికి 12 డాలర్ల దరిదాపులకు చేరింది. మన దేశంలో పెట్రోలు ధనవంతుల ఇంధనమని, డీజిల్ రైతులదీ లారీలదీ అని ప్రభుత్వం భావించేది. కనుక రెండింటి ధరల మధ్య పెద్ద అంతరం ఉండేది. పైగా అదే దూరానికి డీజిల్ ఇంజిన్ తక్కువ ఇంధనం త్రాగుతుంది. పెట్రోలు ఇంజిన్‌లో గాలి, ఇంధనం కలిసిన మిశ్రమాన్ని దాదాపు ఏడింట ఒక వంతుకు నొక్కి, ప్లగ్గు నిప్పురవ్వతో వెలిగిస్తారు. డీజిల్ ఇంజిన్‌లో వట్టి గాలినే పదిహేడు, ఇరవై వంతులకు నొక్కుతారు. ఆ ఒత్తిడికి గాలి కణకణలాడుతుంది. అప్పుడు చిమ్మిన డీజిల్ తనంతట తానే మండుతుంది. ఈ గట్టి నొక్కుడులోనే పొదుపు రహస్యం ఉన్నది. ఆ నొక్కుడును తట్టుకొనడానికే డీజిల్ ఇంజిన్ను బరువుగా పోతపోయవలసివస్తుంది.

లారీలలో ఈ మార్పు అంతకు ముందే వచ్చింది. మద్రాసులోని సింప్సన్ సంస్థ 1950లలోనే బ్రిటన్ పెర్కిన్స్ నమూనా డీజిల్ ఇంజిన్ల తయారీ చేపట్టింది. జీపు విషయంలో కంపెనీ తన ఇంటిలోనే జవాబు వెదుక్కున్నది. మహీంద్రా, అమెరికాలోని ఇంటర్నేషనల్ హార్వెస్టర్, మనదేశపు వోల్టాస్ సంస్థలు కలిసి 1963లో ట్రాక్టర్ల కంపెనీని స్థాపించాయి. మన రైతులు ఎరిగిన బి-275 ట్రాక్టరు దానిదే. 2.36 లీటర్ల పరిమాణం, 35 హార్స్‌పవర్ల బలం గల ఆ ట్రాక్టరు ఇంజిన్ వంశానికి చెందిన డీజిల్ ఇంజిన్‌ను 1970ల మధ్యలో జీపులో పెట్టారు. అనగా విల్లీస్ శరీరంలో హార్వెస్టర్ గుండె. 1940లో ఫోర్డ్ చేసిన పనే ముప్పైయైదేండ్ల తరువాత మన దేశంలో మరొక రూపంలో జరిగింది. 1979లో మహీంద్రా సంస్థ ఫ్రాన్సుకు చెందిన పూజో కంపెనీ నుంచి మరొక డీజిల్ ఇంజిన్ తయారీకి అనుమతి పొందింది. 2112 సి.సి.ల ఆ ఇంజిన్ ట్రాక్టరు ఇంజిన్ కంటె వేగంగా తిరిగేది. 1980లలో వచ్చిన ఎం.ఎం.540 జీపులలో మ్రోగినది ఆ ఫ్రెంచి గుండెయే.

కంపెనీ కొత్త బండ్లకు కొత్త ఇంజిన్లు పెట్టింది. మరి దేశమంతటా తిరుగుతున్న పాత పెట్రోలు జీపుల గతి ఏమిటి? ఇక్కడే ఊరూరి మెకానిక్ రంగప్రవేశం చేస్తాడు.

అప్పటి ఉమ్మడి వరంగల్లు జిల్లాలో ములుగు దాటితే అడవి. పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం, మేడారం వైపు వానకాలం వాగులు పొంగితే బస్సు ఆగిపోయేది, జీపు పోయేది. ఆ దారిలో మా మేనమామ సర్వీసు జీపు నడిపేవాడు. 1984లో ప్రభుత్వ వేలంపాటలో ఒక పాత పెట్రోలు జీపును కొన్నాడు. నేనప్పుడే పండిత శిక్షణ ముగించుకొని ఉద్యోగంలో చేరాను. వచ్చిన కిరాయి పెట్రోలుకే చాలడంలేదని ఆయన బండిని వరంగల్లులోని ఒక షెడ్డుకు తెచ్చాడు. ఆ షెడ్డు పెద్ద మెకానిక్‌ను అందరూ ఉస్తాద్ అనే పిలిచేవారు. ఆయన జీపు చుట్టూ ఒకసారి తిరిగి, "పెయ్యి గట్టిగనే ఉన్నదన్నా, గుండెనే మార్చాలె" అన్నాడు. మూలనున్న వేరొక కంపెనీ డీజిల్ ఇంజిన్‌ను చూపాడు.

ఆ పని ఇరవై దినాలు పట్టింది. సెలవు దినాలలో నేనూ వెళ్ళి కూర్చునేవాణ్ణి. పాత ఇంజిన్ను చైను కప్పీతో ఎత్తి దించడం గంటల పని. అసలు చిక్కు ఆ తరువాతనే. కొత్త ఇంజిన్ వెనుక బోల్టుల రంధ్రాలు ఒక తీరుగా, జీపు గేర్‌బాక్సు ముఖం మీది రంధ్రాలు మరొక తీరుగా ఉన్నాయి. ఉస్తాద్ మందమైన ఇనుప రేకును లేత్ మీద కోయించాడు. ఒకవైపు ఇంజిన్ రంధ్రాలు, మరొకవైపు గేర్‌బాక్సు రంధ్రాలు వేయించి రెండింటి నడుమ బిగించాడు. ఇంజిన్ ఇరుసు, గేర్‌బాక్సు ఇరుసు ఒకే గీతలో ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా క్లచ్ ప్లేటు, బేరింగు నిలువవు. దానిని సరిచూచుకొనడానికే ఆయనకు మూడు దినాలు పట్టింది. ఛాసిస్‌కు కొత్త ఆధారాలు వెల్డింగు చేసి, వణుకును త్రాగడానికి రబ్బరు దిమ్మలు వేశాడు. బరువుకు ముందుభాగం కుంగకుండా కమానుకట్టలో ఒక పట్టీ చేర్చాడు. మిగిలిన డీజిల్ తిరిగి ట్యాంకులో పడడానికి మరొక గొట్టం వేశాడు. పెద్ద బ్యాటరీ పెట్టాడు.

చివరకు బండి కదిలింది, కాని వేగం లేదు. దీని లెక్క నాకు ఉస్తాదే చెప్పాడు. ఆ జీపు వెనుక ఇరుసులోని పళ్ళచక్రాల వలన, టాప్ గేర్‌లో ఇంజిన్ 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. పెట్రోలు ఇంజిన్ నిమిషానికి 4000 చుట్లు తిరుగగలదు గనుక చెల్లింది. 2000 చుట్ల దగ్గర అలసిపోయే డీజిల్ ఇంజిన్‌తో బండి గంటకు 50 కిలోమీటర్లు దాటదు. మా మామ నవ్వి, "అడవి తొవ్వల యాభై దాటి ఎవడు పోతడు?" అన్నాడు. చక్రాలు నిదానంగా బలంగా లాగుతుంటే ఆ బండి వాగులలో ఇసుకను చీల్చుకొని పోయేది. పదిమంది కుటుంబాన్ని పదిహేనేండ్లు పోషించింది.

ఆ ఇనుప రేకును చూచినప్పుడు నాకు వ్యాకరణం గుర్తుకువచ్చింది. రెండు పదాలు కలిసేటప్పుడు ఉన్నదానిని తొలగించి ఆ చోట చేరేది ఆదేశం. వాడు, పోయె కలిసి 'వాడువోయె' అయినప్పుడు 'ప'ను తోసి 'వ' కూర్చున్నది. ఉన్న అక్షరాలను చెరపక నడుమ వచ్చి చేరేది ఆగమం. చిగురు, ఆకు కలిసి 'చిగురుటాకు' కావడానికి నడుమ 'ట'కారం వచ్చింది. ఆదేశం శత్రువు వంటిదని, ఆగమం మిత్రుని వంటిదని పూర్వపండితులు చెప్పేవారు. కొత్త ఇంజిన్ ఆదేశం, ఇనుప రేకు ఆగమం. ఆ చిన్న మిత్రుడు లేకపోతే పెద్ద శత్రువుకు ఆ ఇంట చోటులేదు.

అయితే వ్యాకరణంలో ప్రతి సంధికీ సూత్రం వ్రాయబడి ఉన్నది. ఉస్తాద్ సంధులకు సూత్రగ్రంథం లేదు. రేకు కొలతలను ఆయన బీడీకట్ట కాగితం వెనుక పెన్సిలుతో గీసుకొనేవాడు. పని కాగానే ఆ కాగితం స్టవ్వు అంటించడానికి పోయేది. ఏ ఇంజిన్‌కు ఏ గేర్‌బాక్సు కలుస్తుందో, ఎంత మందం రేకు కావాలో ఆయన నోటిమాటగా చోటాకు చెప్పాడు. ఉస్తాద్ పోయాడు. చోటా గల్ఫ్ దేశానికి వెళ్ళి, తిరిగివచ్చి వేరే వ్యాపారం పెట్టుకున్నాడు.

వ్రాయనిది మరొకటి కూడా ఉన్నది. బండి ధ్రువపత్రంలో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ ఉంటాయి. ఇంజిన్ మారినప్పుడు ఆ సంగతిని అధికారులకు తెలిపి నమోదు చేయించుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ విభాగం ఇందుకు 14 దినాల గడువు ఇచ్చింది. మా మామ ఆ పని నేడు రేపు అంటూ వాయిదా వేశాడు. కొత్త చట్టం వచ్చినప్పుడూ అంతే. 1999లో ఆయన హఠాత్తుగా కాలం చేశాడు. కూతురి పెళ్ళి నిశ్చయమై ఉన్నది. మా అత్తయ్య జీపును అమ్మబోతే కొనవచ్చినవాడు కాగితం చూచాడు, ఇంజిన్ మీది అంకెలు చూచాడు, వెళ్ళిపోయాడు. ఆ తరువాత వచ్చినవారూ అంతే. పదిహేనేండ్లు అన్నం పెట్టిన బండి చివరకు తూకానికి పోయింది. దోషం ఏ కార్యాలయానిదీ కాదు, మాదే. చదువుకున్న మేనల్లుణ్ణి, ఒక్క దరఖాస్తు వ్రాసిపెట్టడానికి నాకు తోచలేదు.

ఇప్పుడు ఆ మార్గం దాదాపు మూసుకుపోయింది. కంపెనీవారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. భద్రత దృష్టితో చూస్తే అందులో న్యాయమున్నది. ఉస్తాద్ వంటి చేయి అన్ని షెడ్లలోనూ ఉండదు. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగిన తరువాత ఆ పొదుపు కూడా చాలావరకు తగ్గింది. నేడు అనుమతి పొందిన కిట్టుతో పాత బండ్లకు విద్యుత్ మోటారు అమర్చేవారు వస్తున్నారు. అక్కడా మోటారుకు, గేర్‌బాక్సుకు నడుమ ఒక రేకు కావలసిందే.

బాంటమ్ బండిలో ఎవరి ఇంజిన్ ఉన్నదో ఎనభైయేండ్ల తరువాత కూడా చెప్పగలుగుతున్నామంటే ఎవరో దానిని వ్రాసి ఉంచినందువలననే. మన ఊళ్ళలో ఇనుముతో సంధి కూర్చిన ఉస్తాదుల పేర్లు, కొలతలు ఏ గ్రంథంలోనూ లేవు. ఆనాటివారు ఇంకా కొందరు ములుగు రోడ్డులో, ఊరూరి షెడ్లలో ఉన్నారు. వారి చెంత కూర్చుని వ్రాసుకొనడానికి గొప్ప విద్య అక్కరలేదు, ఒక నోటుపుస్తకం చాలు. నేను మొన్ననే ఒకటి కొన్నాను.

స్వస్తి.